ఇంటు గుర్తు పెట్టిన ఇల్లు

ఒకప్పుడు ఏడాదికి కొన్నిసార్లు మన గుమ్మాల పక్కన సుద్దముక్కతో ఒక గుర్తు పడుతుండేది. ఒక ఇంగ్లిషు అక్షరం, ఇంటి నంబరు, తేదీ, పక్కింటి వైపు చూపిస్తూ ఒక బాణం. పండక్కి సున్నం వేయించేదాకానో, గట్టి వాన ఒకటి పడేదాకానో అది అలాగే ఉండేది. పిల్లలు వేలితో చెరపబోతే పెద్దవాళ్ళు కసిరేవారు. అదేమిటో సరిగా తెలియకపోయినా, ఆసుపత్రి వాళ్ళు రాశారు కదా, ఉండనివ్వమనేవారు.

ఆ అక్షరం ‘పి’ అయితే ఆ ఇంట్లో అయిదేళ్ళలోపు పిల్లలందరికీ పోలియో చుక్కలు పడ్డట్టు. ‘ఇంటు’ గుర్తు ఉంటే ఎవరో ఒకరు మిగిలిపోయినట్టు. ఇంటికి తాళం వేసి ఉండొచ్చు. బిడ్డ అమ్మమ్మగారి ఊరు వెళ్ళి ఉండొచ్చు. ఒళ్ళు వెచ్చగా ఉందని తల్లి భయపడి ఉండొచ్చు. ‘మొన్నేగా వేశారు, మళ్ళీ ఎందుకు?’ అంటూ నాయనమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉండొచ్చు.

మన దేశంలో పోలియో పోయిన కథ గురించి ఆలోచించినప్పుడల్లా ఆ ఇంటు గుర్తే గుర్తుకొస్తుంది. 1995 డిసెంబరు 9న దేశమంతటా పల్స్ పోలియో మొదలైంది. ఆదివారం నాడు బడిలోనో, పంచాయతీ ఆఫీసు ముందో, బస్టాండులోనో బూత్ పెడితే చాలామంది తల్లులు తమంతట తామే పిల్లల్ని చంకనెత్తుకుని వచ్చేవారు. వాళ్ళకు ఎవరూ నచ్చజెప్పనక్కర్లేదు. అసలు పని సోమవారం మొదలయ్యేది, ఇల్లిల్లూ తిరగడం. అంతకన్నా అసలు పని ఆ తర్వాత, ఇంటు గుర్తు పెట్టిన ఇళ్ళకు మళ్ళీ వెళ్ళడం.

ఒక్కో విడతలో దాదాపు 23 లక్షల మంది చుక్కలు వేసేవాళ్ళు, వాళ్ళ వెనక లక్షన్నర మంది సూపర్‌వైజర్లు, 17 కోట్ల మంది పిల్లలు. ఈ అంకెలు చెబితే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి. కానీ రోగం దాక్కున్నది ఆ కోట్లలో కాదు, ప్రతి ఊళ్ళోనూ మిగిలిపోయిన ఆ నాలుగైదు గుమ్మాల వెనక. బిహార్‌లో కోసీ నది పాయల మధ్య ఊళ్ళకు పడవల్లో వెళ్ళారు. ఉత్తరప్రదేశ్‌లో మాట వినని వాడల్లోకి మసీదు పెద్దల్ని, విశ్వవిద్యాలయాల అధ్యాపకుల్ని వెంటబెట్టుకుని వెళ్ళారు. 2009లో దేశంలో 741 పోలియో కేసులున్నాయి. ప్రపంచం మొత్తంమీద మరే దేశంలోనూ అన్ని లేవు. మరుసటేడు 42. ఆ మరుసటేడు ఒక్కటి, 2011 జనవరి 13న పశ్చిమబెంగాల్‌లోని హౌరా జిల్లాలో. అదే ఆఖరు. మూడేళ్ళు ఆగి చూసి, 2014 మార్చి 27న మన దేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో నుంచి విముక్తమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రం ఇచ్చింది.

ఆరోగ్యశాఖకు నాయకులెవరని అడిగితే డైరెక్టర్లు, కలెక్టర్లు, జెనీవాలో కూర్చునే పెద్దలు మనసులో మెదులుతారు. వాళ్ళ పని చిన్నదేం కాదు. మందు సమయానికి రావాలి, చల్లగా రావాలి, డబ్బు రావాలి. అవన్నీ ఎవరో ఒకరు తలకెత్తుకోకపోతే కింద ఒక్క అడుగూ పడదు. అయినా ఒకసారి ‘వద్దు’ అన్న గుమ్మం దగ్గరికి రెండోసారి, మూడోసారి వెళ్ళాలంటే దానికి వేరే ఏదో కావాలి. అభిమానం పక్కన పెట్టాలి. విసుక్కున్న మనిషి ముఖంలోకి మళ్ళీ నవ్వుతూ చూడగలగాలి. ‘నిన్న మీ మనవడు నిద్రపోతున్నాడన్నారుగా అత్తమ్మా, ఇవాళ లేచాడేమో చూద్దామని వచ్చాను’ అనే మాట ఏ ఉత్తర్వులోనూ రాసి ఉండదు.

ఇందులో ఇంకో సంగతీ ఉంది. ఆ ఇల్లు ఎందుకు మిగిలిపోయిందో ఆ గడప దాకా వెళ్ళినవాళ్ళకే తెలుస్తుంది. పైవాళ్ళకు కనిపించేది లెక్క. వెళ్ళినవాళ్ళ మాట పైవాళ్ళు నమ్మితే పని నడుస్తుంది. నమ్మకపోతే కాగితం మీద అన్ని ఇళ్ళకూ ‘పి’ గుర్తే పడుతుంది.

మశూచి రోజుల్లో జరిగిన ఒక సంగతి దీనికి మంచి సాక్ష్యం. మన పెద్దలు పెద్దమ్మవారు అని పిలిచి, వేపమండలు కట్టి, గుండెలు చిక్కబట్టుకుని చూసిన రోగం అది. 1974లో బిహార్‌లో అది విరుచుకుపడింది. ఆ ఏడాది మొదటి అయిదు నెలల్లో దేశంలో దాదాపు 15 వేల మంది చనిపోయారు.

అప్పటికి పని తీరు మారింది. ఊరందరికీ టీకాలు వేసుకుంటూ పోవడం కాకుండా, రోగి ఎక్కడున్నాడో ఇల్లిల్లూ వెతికి, ఆ రోగిని బయటికి కదలనివ్వకుండా చూసి, చుట్టుపక్కల ఉన్నవాళ్ళందరికీ టీకా వేయడం మొదలుపెట్టారు. నైజీరియాలో ఈ పద్ధతి పనిచేయడం కళ్ళారా చూసిన అమెరికా వైద్యుడు విలియం ఫేగీ అప్పుడు ఇక్కడే పనిచేస్తున్నారు. మహేంద్ర దత్తా వంటి మన వైద్యాధికారులు ఆయనతో భుజం కలిపారు. అయితే నిజాయతీగా వెతికితే ఏమవుతుంది? అంతకుముందు లెక్కకెక్కని రోగులందరూ లెక్కకెక్కుతారు. వారం వారం అంకె పెరుగుతూ పోయింది. పత్రికల్లో గగ్గోలు. ఈ కొత్త పద్ధతి వద్దు, పాత పద్ధతిలోనే అందరికీ టీకాలు వేయండని రాష్ట్ర ఆరోగ్యమంత్రి నిశ్చయానికి వచ్చారు. ఆయన్ని తప్పుపట్టలేం. కళ్ళముందు జనం పోతుంటే ఏ మంత్రికైనా కాలు నిలవదు.

మంత్రి ఆ మాట చెప్పిన సమావేశంలో జరిగింది ఫేగీ తర్వాత తన పుస్తకంలో రాసుకున్నారు. ఒక యువ వైద్యుడు లేచి నిలబడ్డాడట. నేను పల్లెటూరివాణ్ణి, మా ఊళ్ళో ఇల్లు తగలబడితే ఊళ్ళో ఉన్న నీళ్ళన్నీ ఆ ఇంటిమీద పోస్తాం కానీ తగలబడని ఇళ్ళన్నిటి మీదా తలో చెంబూ పోయం అన్నాడట. మంత్రి ఆ మాట విని, సరే ఇంకొక్క నెల చూద్దామన్నారు. ఆ నెలలోనే తిరుగుముఖం పట్టిన సూచనలు కనిపించాయి. ఏడాది తిరిగేసరికి, 1975 మేలో, దేశంలో చివరి మశూచి కేసు నమోదైంది. ఆ పుస్తకానికి ఫేగీ పెట్టుకున్న పేరు కూడా తగలబడుతున్న ఇల్లే.

ఆ గదిలో నాయకుడెవరని ఎవరైనా అడిగితే ఒక్కరి పేరు చెప్పడం కష్టం. మాట్లాడినవాడికి పదవి లేదు. ఇంత పెద్దవాళ్ళ ముందు నేనేం మాట్లాడతానులే అని కూర్చుండిపోయినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. వినడానికి మంత్రికి అవసరమూ లేదు. నిర్ణయం అయిపోయిందని లేచి వెళ్ళిపోవచ్చు. ఒకరు నోరు తెరవడం, ఒకరు చెవి ఒగ్గడం రెండూ అదే రోజు, అదే గదిలో కలిసొచ్చాయి. అలా కలిసిరాని గదులు ఎన్ని ఉండి ఉంటాయో అనిపిస్తుంది. అవి పుస్తకాల్లోకి ఎక్కవు కదా.

మనకు ఇంకాస్త దగ్గరి సంగతి చెప్పుకుందాం. ప్రాణహితకు అవతలి ఒడ్డున గడ్చిరోలి ఉంది. జిల్లా మహారాష్ట్రదే కానీ సిరొంచా వైపు తెలుగు మాట్లాడే ఊళ్ళున్నాయి. 1980ల మధ్యలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే వైద్య దంపతులు అమెరికాలో ప్రజారోగ్యం చదువుకుని వచ్చి అక్కడ స్థిరపడ్డారు. అడవి ఊళ్ళు, గోండు గూడేలు. పుట్టిన బిడ్డ నెల తిరగకుండానే పోవడం అక్కడ ఎంత మామూలంటే దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. ఆసుపత్రి దూరం. బాలింత గడప దాటేది కాదు. పసిగుడ్డును బయటికి తీసేవారు కాదు.

అప్పుడు వాళ్ళు బిడ్డను ఆసుపత్రికి రప్పించే ప్రయత్నం మానుకుని, ఊళ్ళో నాలుగక్షరం ముక్కలు వచ్చిన ఆడవాళ్ళను ఎంచుకుని నేర్పించారు. బిడ్డను ఎలా వెచ్చగా ఉంచాలి, ఎలా తూకం వెయ్యాలి, ఊపిరి ఎంత వేగంగా ఉంటే ప్రమాదం, రక్తానికి విషం పాకిందని ఎలా గుర్తుపట్టాలి. చివరికి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చెయ్యడం కూడా. పెద్ద చదువు లేనివాళ్ళ చేతికి సూది ఇవ్వడమేమిటని అనుమానించినవాళ్ళు లేకపోలేదు. ఆ అనుమానంలో తప్పేం లేదు, పసిప్రాణం సంగతి మరి. కానీ ఆ దంపతులు ఊరికే నమ్మి వదిలెయ్యలేదు. నేర్పారు, పరీక్షించారు, వెంట వెళ్ళారు, మళ్ళీ నేర్పారు. 39 గ్రామాల్లో ఈ పని సాగింది. మూడేళ్ళకు, ఈ సేవలు లేని ఊళ్ళతో పోల్చి చూస్తే నెలలోపు పిల్లల మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో ఆ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి.

ఆ ఆడవాళ్ళ స్థితి ఒకసారి ఊహించుకోండి. రాత్రిపూట చలిలో, కిరసనాయిలు దీపం వెలుగులో, జానెడు బిడ్డ. చుట్టూ అత్త, తోడికోడలు, ఆడపడుచు. అందరూ తన చేతివైపే చూస్తున్నారు. బతికితే దేవుడి దయ, పోతే తన సూది. అయినా ఆమె చెయ్యి వణకకుండా పట్టుకుంది. చేతికి ఆ ధైర్యం ఒక్కరోజులో రాదు. వెనక ఎవరో ‘నువ్వు చెయ్యగలవు’ అని నమ్మి, చెయ్యలేకపోతే ‘ఆ మాట నేను పడతాను’ అని నిలబడితే వస్తుంది. పై స్థానంలో ఉన్నవాళ్ళ బాధ్యతల్లో ఇంతకు మించింది ఉందనుకోను. కిందివాళ్ళు బాగా చేస్తే మెచ్చుకోవడం తేలిక. వాళ్ళ చేతిలో ఒకటి తప్పిపోయిన రోజున పక్కన నిలబడటమే కష్టం.

అక్కడ పుట్టిన పద్ధతే తర్వాత దేశమంతటికీ వచ్చింది. ఇప్పుడు ఆసుపత్రిలో కాన్పయి ఇంటికొచ్చిన బాలింత దగ్గరికి ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు, 14, 21, 28వ రోజుల్లో, చివరగా 42వ రోజున వెళ్ళాలి. ఆరుసార్లు. చుట్టాలు కూడా అన్నిసార్లు రారు.

ఆశా వ్యవస్థ 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో మొదలైంది. దాదాపు వెయ్యి మంది జనాభాకు ఒకరు. ఆ ఊళ్ళోనే కాపురముండే స్త్రీ అయి ఉండాలన్నది నియమం. ఆలోచించి పెట్టిన నియమమే అది. పుట్టింటి ఆడపిల్ల పెళ్ళయి వెళ్ళిపోతుంది, కోడలు ఉండిపోతుంది. అందుకని మన ఊళ్ళలో ఆశాలంటే చాలావరకు ఆ ఊరి కోడళ్ళే.

కోడలు కావడంలో ఉన్న ఇబ్బంది మనకు తెలియంది కాదు. మామ వరసైన పెద్దాయన ఎదురొస్తే కొంగు సర్దుకుని పక్కకు తప్పుకున్న మనిషే, ఆయన ఇంటికి వెళ్ళి ‘మామయ్యా, సిగరెట్టు మానెయ్యమని డాక్టరుగారు చెప్పారుగా’ అనాలి. కొత్త దంపతుల్ని కూర్చోబెట్టి బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం గురించి మాట్లాడాలి. మొదటి ఏడాది ఎన్ని మాటలు గొంతులోనే ఆగిపోయి ఉంటాయో! పదేళ్ళు గడిచాక అదే మనిషి అర్ధరాత్రి నొప్పులొచ్చిన అమ్మాయిని 108లో ఎక్కించి, తనూ ఎక్కి, ఆసుపత్రి మెట్ల దగ్గర ‘ముందు ఈ పిల్లను చూడండి’ అని గట్టిగా అనగలుగుతుంది. ఆ గొంతు ఆమెకు ఏ శిక్షణ శిబిరంలోనో రాలేదు. ఒక్కో గడప ఒక్కో మాట నేర్పింది.

ఈ పనిలో పైకి కనిపించని బరువు ఒకటుంది, గుట్టు. ఊళ్ళో ఎవరికి క్షయ, ఎవరు ఏ మందులు వాడుతున్నారు, ఏ అమ్మాయికి నెల తప్పింది, ఎవరింట్లో దెబ్బలు పడుతున్నాయి, అన్నీ ఆమెకు తెలుస్తాయి. క్షయ మందులు నెలల తరబడి మానకుండా వాడించాలి. వాకిట్లో నిలబడి ‘బిళ్ళలు వేసుకున్నావా?’ అని అరిస్తే పక్కింటివాళ్ళకు తెలిసిపోతుంది. అందుకని కరివేపాకు కోసమో, కబుర్ల కోసమో వచ్చినట్టు వస్తుంది. వంటింట్లోకి వెళ్ళి మెల్లగా అడుగుతుంది. ఆ గుట్టు ఒక్కసారి బయటపడితే ఆ ఇల్లే కాదు, ఊళ్ళో ఇంకెన్నో తలుపులు మూసుకుపోతాయని ఆమెకు తెలుసు. నాయకత్వ లక్షణాల గురించి పుస్తకాలు రాసేవాళ్ళు నోరు విప్పడం గురించే ఎక్కువ రాస్తారు. నోరు కట్టుకోవడం గురించి కూడా కాస్త రాస్తే బాగుండు.

అన్నిటికన్నా కష్టమైన గడప వేరే ఉంది. తొమ్మిది నెలలూ తను వెంటబడి పరీక్షలు చేయించిన అమ్మాయి కాన్పులో పోతుంది. లేదా ఇరవై రోజుల బిడ్డ చేతుల్లోనే కన్నుమూస్తాడు. అయిందేదో అయిందని ఊరుకోవడానికి లేదు. ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికి, ఇంకో ఇంట్లో జరగకుండా చూడటానికి ఆ ఇంటికే వెళ్ళి వివరాలు అడగాలి. ఎప్పుడు నొప్పులొచ్చాయి, బండి ఎప్పుడొచ్చింది, ఏ ఆసుపత్రిలో ఎంతసేపు ఉంచారు అని. ఆ ఇంట్లో ఒకరు ‘నీవల్లే’ అనొచ్చు. ఒకరు ఆమె భుజం మీద పడి ఏడవొచ్చు. ఆ రెండిటినీ తట్టుకుని కూర్చునే నర్సమ్మలు, ఆశాలు, వాళ్ళ వెంట వచ్చే వైద్యాధికారులు మన చుట్టూ ఉన్నారు. వాళ్ళు అడిగి రాసుకొచ్చిన సమాధానాల వల్ల బతికిన తల్లులు ఎవరో వాళ్ళకే తెలియదు. ఆ తల్లులకు అసలే తెలియదు.

2022 మే 22న జెనీవాలో ప్రపంచ ఆరోగ్య మహాసభ ప్రారంభమైన రోజున భారతదేశపు ఆశా కార్యకర్తలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ప్రకటించారు. పది లక్షల మందికి పైగా ఉన్నవాళ్ళందరికీ కలిపి. అదే జాబితాలో హైతీ, రువాండా పేదల మధ్య ఏళ్ళ తరబడి పనిచేసి ఆ ఏడాదే కన్నుమూసిన డాక్టర్ పాల్ ఫార్మర్ ఉన్నారు. అఫ్గానిస్థాన్‌లో పోలియో చుక్కలు వేస్తూ సాయుధుల తూటాలకు బలైన ఎనిమిది మంది వాలంటీర్లున్నారు. వాళ్ళలో నలుగురు ఆడవాళ్ళు. ఎక్కడి తఖార్, కుందూజ్, ఎక్కడి మన మండలాలు! అయినా ఆ జాబితా చదువుతుంటే వాళ్ళందరూ ఒక్క ఊరివాళ్ళలాగే అనిపించారు.

అప్పటికి రెండేళ్ళ కిందటే కదా మనం కరోనాను చూసింది. 2020 వేసవిలో సొంత అన్నదమ్ములే గుమ్మం బయట ఆగిపోయిన రోజుల్లో, ముఖానికి ఒక గుడ్డ కట్టుకుని, చేతిలో ఒక పుస్తకం పట్టుకుని, ‘ఇంట్లో ఎవరికైనా జ్వరముందా అమ్మా, ఊరినుంచి ఎవరైనా వచ్చారా?’ అని అడిగినవాళ్ళు వీళ్ళే. కొన్నిచోట్ల రోగం మోసుకొస్తున్నారని వీళ్ళనే తిట్టారు. సాయంత్రం ఇంటికెళ్ళి, పిల్లల్ని ముట్టుకోకుండా బయటే స్నానం చేసి లోపలికి వెళ్ళిన తల్లులు వాళ్ళు. పొద్దున్నే మళ్ళీ అదే వీధికి వచ్చారు.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆశాలందరూ నెలకోసారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సమావేశమవుతుంటారు. డాక్టరు కొన్నిచోట్ల మొన్నమొన్ననే ఎంబీబీఎస్ ముగించి మొదటి పోస్టింగుకు వచ్చిన కుర్రవాడో, అమ్మాయో అయి ఉంటారు. ఎదురుగా కూర్చున్నవాళ్ళలో వాళ్ళ తల్లి వయసున్నవాళ్ళుంటారు. ఆ పిల్ల డాక్టరు కుర్చీలో కూర్చుని రిజిస్టర్లు తిరగేసి, పూర్తికాని లెక్కలు అడిగి పంపెయ్యొచ్చు. లేదా ‘ఏ ఇంటికి వెళ్ళలేకపోతున్నారు? ఎందుకు?’ అని అడగొచ్చు. రెండో ప్రశ్న వినగానే ఆ గదిలో ముఖాలు మారిపోతాయి. ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెడతారు. చెరువు కట్ట మీద గుడిసెలు వేసుకున్న వలసకూలీల సంగతి. కూతురికి రక్తం తక్కువగా ఉందని చెబితే నమ్మని తండ్రి సంగతి. బీపీ బిళ్ళ నాకెందుకు, దుక్కలా ఉన్నానని తిప్పి పంపే పెద్దాయన సంగతి.

ఈ చివరి సంగతే ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తోంది. ముప్పై దాటినవాళ్ళందరికీ బీపీ, సుగరు చూడటం ఇప్పుడు ఊళ్ళలో రోజువారీ పని. పోలియోకు ఒక ఆఖరి రోజు ఉండేది, మశూచికీ ఉండేది. బీపీకి అలాంటి రోజు లేదు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, పొలానికి వెళ్ళి వస్తూనే ఉంటాడు. ఆయనకు జబ్బుందని ఆయన్నే నమ్మించాలి, జీవితాంతం నమ్మిస్తూనే ఉండాలి. ఆ పెద్దాయన ఇంటికి డాక్టరు ఒకసారి తనూ వెళ్ళి, ఆయన చెప్పేదంతా విని, ఆశా ముందే ‘ఈమె చెప్పిందే నా మాట, పెదనాన్నా’ అని వస్తే ఆమెకు వెయ్యేనుగుల బలం వస్తుంది. అలాగని ఆయన వెంటనే దారికొస్తాడనేం లేదు. వారం రోజులు వేసుకుని, తగ్గిందిలే అని మళ్ళీ మానెయ్యనూ వచ్చు. వచ్చే నెల సమావేశంలో ఆ ఇంటి సంగతి డాక్టరు గుర్తుపెట్టుకుని అడగాలి.